లేచిన ఇసుక ఎక్కడికి పోతుంది?

మెత్తగా ఉన్నదేదీ రంగును గీయదన్న నమ్మకం మీద అమెరికాలో చక్రాల మీది ఇల్లులాంటి మోటార్‌హోమ్‌ను కడిగే సామాను బోలెడంత అమ్ముడుపోతోంది. దుకాణంలో బ్రష్ కుచ్చును చెంపకు ఆనించి చూసేవాళ్లు, తొడుగులో చెయ్యి పెట్టి మురిసేవాళ్లు కనిపిస్తారు. కానీ రంగును గీసేది కుచ్చు కాదు, తొడుగూ కాదు. దానికీ గోడకూ నడుమ చిక్కుకున్న ఇసుక రేణువు గీస్తుంది. ఇసుకలో ఎక్కువగా ఉండే క్వార్ట్జ్ గట్టిదనం మోస్ కొలమానంలో 7. మామూలు గాజు కంటే అది గట్టిది. దాని ముందు బండి మీది క్లియర్ కోట్ ఒక పలచని ప్లాస్టిక్ పొర, అంతే. కాబట్టి ఏ పనిముట్టునైనా ఒకే ప్రశ్న అడగాలి: గోడ మీంచి లేపిన రేణువును ఎక్కడ పెట్టుకుంటావు, ఎంత తేలిగ్గా వదులుతావు? పొడవు కర్ర బ్రష్‌నూ చేతి తొడుగునూ ఈ ప్రశ్న ముందు నిలబెడితే, రెండిటికీ ఉన్న పేరు కొంత తారుమారవుతుంది.

ముందు గోడ సంగతి తేలాలి. కార్లు కడిగే నిపుణులు చెప్పే సలహా మోటార్‌హోమ్‌కు ఉన్నదున్నట్టు ఎందుకు పనికిరాదో అక్కడే తెలుస్తుంది. బస్సులాంటి 36 అడుగుల క్లాస్ ఎ బండికి ఒక్క పక్క గోడే 300 చదరపు అడుగుల పైచిలుకు. పైన ఏసీతో కలిపితే ఎత్తు 12 అడుగులు దాటుతుంది. ఒళ్లు కూడా అన్ని బండ్లకూ ఒకటి కాదు. ఖరీదైన డీజిల్ బండ్లకు ఒంటినిండా కారుకు వేసినట్టే పెయింటు, పైన క్లియర్ కోట్ ఉంటాయి. ఆ పై పొర మందం సుమారు 40, 50 మైక్రాన్లు, అంటే తలవెంట్రుక కంటే పలచన. ఫోర్డ్ ఇ-450 ఛాసిస్ మీద కట్టే క్లాస్ సి బండ్లలో చాలావాటికి తెల్లటి ఫైబర్‌గ్లాస్ గోడ, దాని మీద జెల్ కోట్, ఆ పైన అతికించిన వినైల్ చారలు. జెల్ కోట్ క్లియర్ కోట్ కంటే చాలా రెట్లు మందం. గీత పడినా తెలుపులో కలిసిపోతుంది, పాలిష్ పెట్టి తీసేయడానికి చోటూ మిగులుతుంది. అదే గీత నల్లటి, ముదురు నీలం పెయింటు మీద పడితే ఎండలో దాచలేం. రెండు బండ్లకూ ఒకే సలహా ఇచ్చేవాళ్ల మాట నేను నమ్మను.

అలాంటి గీతల వల్ల ఎండలో కనిపించే మెరుపు వలయాల గురించి ఒక మాట. అవి వలయాలు కావు. అన్ని దిక్కులకూ పడిన సన్నగీతల్లో వెలుగుకు అడ్డంగా ఉన్నవే మెరిసి, సూర్యబింబం చుట్టూ గుండ్రంగా అమరినట్టు కనిపిస్తాయి. గుండ్రంగా తిప్పకుండా నిలువుగానో అడ్డంగానో తుడవమని చెప్పేది అందుకే. అలా తుడిస్తే గీతలు తగ్గవు, ఒక్క దిక్కుకు సర్దుకుని కొన్ని కోణాల్లో మాత్రమే కనిపిస్తాయి. అది దాపరికమే తప్ప రక్షణ కాదు.

ఇక బ్రష్. కార్ల ప్రపంచం దీన్ని ఎప్పుడో వెలివేసింది. ఆ తీర్పు తొందరపాటని నా అభిప్రాయం. కుచ్చులో వెంట్రుకకూ వెంట్రుకకూ మధ్య దారులుంటాయి. కర్రలోంచి నీళ్లు పారే రకమైతే, లేచిన రేణువు ఆ దారుల్లోంచి నీటితోపాటు నేలకు జారిపోతుంది. అంటే బ్రష్ మురికిని దాచుకోదు, పారబోస్తుంది. నా ప్రశ్నకు ఇంతకంటే మంచి జవాబు లేదు. అయితే ఈ గుణం కుచ్చు కొసలు మాత్రమే గోడను తాకినంతసేపే. నొక్కిన మరుక్షణం వెంట్రుకలు పక్కకు వంగి వాటి వీపంతా గోడకు ఆనుతుంది, దారులు మూసుకుపోతాయి, రేణువు మధ్యలో ఇరుక్కుంటుంది. మొండి మరక కనిపిస్తే చెయ్యి తనంతట తానే నొక్కుతుంది. బ్రష్‌కు చెడ్డపేరు తెచ్చింది ఆ నొక్కుడే.

కుచ్చుల్లో తేడాలున్నాయి. చౌకరకం నైలాన్, పాలీస్టైరీన్ కుచ్చుల కొసల్ని యంత్రం మీద చీల్చి మెత్తబరుస్తారు. వాడగా వాడగా ఆ చీలికలు అరిగి మొద్దుబారతాయి. పంది వెంట్రుక కొస పుట్టుకతోనే చీలి ఉంటుంది, నీళ్లు పీల్చుకుని ఇంకా మెత్తబడుతుంది, సబ్బు నీటిని పట్టి ఉంచుతుంది. ధర ఎక్కువ, నీడలో పూర్తిగా ఆరబెట్టకపోతే కుళ్లుతుంది. అయినా బ్రష్ కొనేవారికి నేను చెప్పేది ఇదే రకం. కుచ్చు అమర్చిన దిమ్మ అంచు చుట్టూ రబ్బరు పట్టీ ఉందో లేదో కూడా చూసుకోవాలి. కిటికీ చట్రం దగ్గర తిప్పేటప్పుడు కుచ్చు చేయని గాయం దిమ్మ మూల చేస్తుంది. ఇంకో షరతు కూడా ఉంది, ఇందులో మినహాయింపు లేదు: నేల మీద పడిన బ్రష్‌ను కడగకుండా మళ్లీ గోడకు తాకించకూడదు.

తొడుగుది మరో మార్గం. ఇప్పుడు ఎక్కువగా దొరికేవి మైక్రోఫైబర్‌వి. 1970లో జపాన్‌లోని టోరే సంస్థలో మియోషి ఒకమోటో అతిసన్నని పోగును తయారుచేయడంతో ఈ కథ మొదలైంది. మొదట అది కృత్రిమ తోలుబట్టకు వాడుకలోకి వచ్చింది. నేటి తుడుపు గుడ్డల్లో పాలిస్టర్, పాలియమైడ్ కలిసిన పోగును ఇంకా సన్నని చీలికలుగా విడదీస్తారు. వేళ్లలా వేలాడే షెనీల్ పోగుల తొడుగు రేణువును గోడ మీంచి లాగి పోగుల లోతుకు తీసుకుపోతుంది. రేణువు గోడకు దూరమవుతుంది కాబట్టి గీత పడదు. గొర్రె ఉన్ని తొడుగు ఇదే పనిని ఇంకాస్త లోతుగా, ఇంకాస్త మృదువుగా చేస్తుంది. కాకపోతే ఉన్ని రాలుతుంది, యంత్రంలో ఉతికితే గట్టిపడుతుంది. చదునైన స్పాంజికి మాత్రం ఏ లోతూ లేదు. రేణువుకు దాక్కునే చోటు లేక అది గోడకే అంటుకుని ఉండిపోతుంది. అలాంటి స్పాంజితో రుద్దడం సానరాయి పట్టుకుని రుద్దడమే.

తొడుగు గొప్పతనమే దాని బలహీనత కూడా. లోతుకు లాక్కున్నదాన్ని అది తనంతట తాను వదలదు, మనం వదిలించాలి. రెండు బకెట్లు పెట్టుకోవాలి, ఒకదాంట్లో సబ్బు నీళ్లు, ఇంకోదాంట్లో జాలాడించే నీళ్లు. అడుగున జల్లెడ పలక వేస్తే దిగిన ఇసుక మళ్లీ పైకి లేవదు. రెండు మూడు చదరపు అడుగులు తుడిచిన ప్రతిసారీ జాలాడించాలి. కారుకైతే ఇది చక్కగా సాగుతుంది. 300 చదరపు అడుగుల గోడకు లెక్క వేసి చూడండి. ఒక్క పక్కకే నూరుసార్లకు పైగా తొడుగు నీళ్లలో మునగాలి. మొదటి పది అడుగులు శ్రద్ధగా చేసిన మనిషి రెండో పక్కకు వచ్చేసరికి అలసిపోతాడు. జాలాడించడం తగ్గుతుంది, బకెట్ నీళ్లు మార్చడం వాయిదా పడుతుంది. అప్పుడు అదే మెత్తటి తొడుగు లోపల దాచుకున్న ఇసుకనంతా గోడంతా పంచుకుంటూ పోతుంది. బ్రష్ మంచితనం మనం ఎంత తక్కువ నొక్కుతామన్న దాని మీద నడుస్తుంది, తొడుగు మంచితనం మన ఓపిక మీద నడుస్తుంది. ఈ తేడాను ఏ అట్టపెట్టె మీదా రాయరు.

ఎత్తు దగ్గరకు వస్తే పోలిక ఇంకా మారుతుంది. తొడుగు పట్టుకుని పై గోడ కడగాలంటే నిచ్చెన ఎక్కాలి. తడి నేల, ఒక చెయ్యి సబ్బులో, ఒక చెయ్యి నిచ్చెన మీద. రంగు కోసం ఎముక విరగ్గొట్టుకునే పని అది. నిచ్చెనను గోడకు ఆనిస్తే పలచని ఫైబర్‌గ్లాస్ పలక లొట్టపడే ప్రమాదమూ ఉంది. కర్ర చివర మైక్రోఫైబర్ తల బిగించిన మాప్ మధ్యేమార్గంగా కనిపిస్తుంది. చేతికి తెలిసే గరుకు కర్ర చివర తెలియదు కాబట్టి చాలామంది దాన్ని తీసిపారేస్తారు. వాళ్లు ఒక సంగతి మరిచిపోతున్నారు. దారి మట్టి, చక్రాలు ఎగజిమ్మిన ఇసుక ఎక్కువగా చేరేది గోడ కింది మూడోవంతులో. మనకు అందని పైభాగం అన్నిటికంటే శుభ్రంగా ఉంటుంది. స్పర్శ అవసరమైన చోటు చేతికి అందుతుంది, అందని చోట స్పర్శ అంతగా అవసరం లేదు.

అందుకని నా తీర్పు బండిని అడ్డంగా విడదీస్తుంది. తెల్ల జెల్ కోట్ బండికి నడుము పైనంతా పంది వెంట్రుకల బ్రష్, నీళ్లు పారుతూ, నొక్కకుండా. ఒంటినిండా పెయింటు ఉన్న బండికి భుజం పైన మాప్, భుజం కింద షెనీల్ తొడుగు. రెండు బండ్లకూ కింది మూడోవంతు చివరికి వదిలి, దానికి వేరే తొడుగు వాడాలి. ఆ తొడుగు మళ్లీ పైకి పోకూడదు.

వీటన్నిటి కంటే ముందు నీళ్లు. ఏ పనిముట్టూ తాకకముందే పోయేంత ఇసుక పోవాలి. తోట గొట్టం, ఓపిక ఉంటే చాలు. నురగ గన్ను మురికిని నానబెట్టి వదులు చేస్తుంది, అంతకు మించి ఆశించకూడదు. ప్రెషర్ వాషర్ వాడితే 40 డిగ్రీలు పరుచుకునే తెల్ల నాజిల్ ఒక్కటే వాడాలి, దూరంగా నిలబడాలి. దగ్గర పెడితే వినైల్ చారల అంచులు లేస్తాయి, కిటికీల చుట్టూ పెట్టిన సీలెంట్ చీలుతుంది, ఫ్రిజ్ గాలిజాలీలోంచి నీళ్లు లోపలికి పోతాయి. గీతకు భయపడి గోడ లోపల చెమ్మ తెచ్చుకోవడం చెడ్డ బేరం.

గోడల కంటే ముందు పైకప్పు కడగాలి. ఈపీడీఎం రబ్బరు కప్పు ముదిరేకొద్దీ సుద్దపొడి వదులుతుంది, అదే గోడల మీద చారలుగా దిగుతుంది. కప్పుకు వాడిన బ్రష్ గోడకు వాడొద్దు.

బండి ముఖం విషయంలో మాత్రం నేను ఏ పనిముట్టు పక్షమూ కాదు. ఫ్లోరిడాలో, గల్ఫ్ తీరంలో వసంతం చివర ఒకసారి, వేసవి చివర ఇంకోసారి లవ్‌బగ్ పురుగులు గుంపులుగా లేస్తాయి. అవి ముందుభాగానికి కొట్టుకుని ఎండలో ఎండితే, కుళ్లే దేహాల్లోని ఆమ్లం రంగును తినేస్తుంది. వాటికోసమే అమ్మే ప్లాస్టిక్ వల చుట్టిన స్పాంజి పురుగుతోపాటు క్లియర్ కోట్‌నూ గీకుతుంది. తడిపిన మైక్రోఫైబర్ తువ్వాలును కాసేపు ముఖానికి అంటించి వదిలేస్తే అవి మెత్తబడి ఊడివస్తాయి. ఇక్కడ గెలిచేది నాననిచ్చే సమయం.

తుడిచి ఆరబెట్టడంలో పాతకాలపు షామీ తోలును నేను సమర్థించలేను. చేపనూనెతో పదును చేసిన ఆ గొర్రెతోలు నీళ్లు బాగా పీలుస్తుంది, కానీ దానికి పోగు లేదు, మిగిలిన రేణువును గోడ మీద ఈడ్చుకుపోతుంది. రబ్బరు పట్టీ స్క్వీజీ కిటికీ అద్దాల మీదే బాగుంటుంది. మందపాటి మైక్రోఫైబర్ తువ్వాలు వీటికంటే మేలు, దాన్ని ఫ్యాబ్రిక్ సాఫ్టెనర్ లేకుండా, ఎక్కువ వేడి తగలకుండా ఉతుక్కోవాలి. ఆకులు ఊదే బ్లోయర్ ఇంకా మేలు, అది గోడను తాకనే తాకదు. అరిజోనా లాంటి చోట నీళ్లలో సున్నం ఎక్కువ. అక్కడ చివరి జాలాడింపుకు ఖనిజాలు తీసేసిన నీళ్లు వాడితే తుడవకుండానే మచ్చ లేకుండా ఆరిపోతుంది.

అద్దె బండిలో గ్రాండ్ కాన్యన్ చూసి తిరిగి అప్పగించే మన తెలుగు కుటుంబాలకు ఈ తర్కమంతా అక్కర్లేదు. సొంత బండి కొనుక్కుని నెలల తరబడి తిరిగేవారికి ఇంకో చిక్కు ఉంది: చాలా క్యాంప్‌గ్రౌండ్లలో బండి కడగనివ్వరు. అక్కడ బ్రష్, తొడుగు రెండూ పనికిరావు. జాలాడించనక్కర్లేని ద్రావణంలో తడిపిన మైక్రోఫైబర్ గుడ్డలే దిక్కు. గుడ్డను నాలుగు మడతలు వేస్తే ఎనిమిది ముఖాలు దొరుకుతాయి. ఒక్కో ముఖం ఒక్కసారే వాడి తిప్పేయాలి, ఎనిమిదీ అయ్యాక గుడ్డను పక్కన పడేయాలి. పలచని దుమ్ముకు ఈ పద్ధతి చాలు. శీతకాలంలో వేల బండ్లు చేరే క్వార్ట్జ్‌సైట్ ఎడారి నుంచి దట్టంగా ఇసుక పట్టి వచ్చిన బండి మీద దీన్ని ప్రయోగించకూడదు. అలాంటి బండిని లారీలు కడిగే చోటికి తోలుకుపోయి, ముందు నీళ్లు మాత్రమే కొట్టించి, మిగిలింది తర్వాత చూసుకోవాలి.