మాస్కు అడిగినవాడికి పిచ్చి

నర్సీపట్నం ఏరియా ఆసుపత్రిలో మత్తు డాక్టరు సుధాకర్. ఆపరేషన్‌కి ముందు రోగి గొంతులోకి గొట్టం వేసేది మత్తు డాక్టరే. రోగి ఊపిరికి ఆయనంత దగ్గరగా ఇంకెవరుంటారు? అలాంటి మనిషి 2020 ఏప్రిల్‌లో ఎన్-95 మాస్కులు, పీపీఈ కిట్లు లేవనీ, ఒక్క మాస్కునే పదిహేను రోజులు వాడమంటున్నారనీ కెమెరాల ముందు చెప్పారు. జవాబుగా సస్పెన్షన్ ఆర్డరు వచ్చింది.

మే 16న విశాఖ నడిరోడ్డు మీద, ఒంటి మీద చొక్కా లేకుండా, చేతులు వెనక్కి కట్టేసి పోలీసులు ఆయన్ని ఈడ్చిన వీడియో మనందరం చూశాం. తాగి గొడవ చేశాడన్నారు పోలీసులు. అక్కణ్ణించి కేజీహెచ్, కేజీహెచ్ నుంచి మానసిక ఆసుపత్రి.

ఈ వరస మనకి తెలిసిందే. ఆస్తిలో వాటా అడిగిన ఆడపిల్లకీ, మొగుడి మీద కేసు పెడతానన్న కోడలికీ ముందు తగిలించే మాట 'మతి సరిగ్గా లేదు' అనే కదా. ఆ మాట పడ్డాక ఆమె ఏమడిగిందో ఎవరికీ గుర్తుండదు, ఆమె ఆరోగ్యం గురించే అందరి బాధానూ. రాజ్యం ఈసారి ఆ ఇంటి విద్యని ఒక దళిత డాక్టరు మీద ప్రయోగించింది. మనలోనూ కొందరం ఆయన తాగాడా లేదా అన్న దగ్గరే ఆగిపోయాం. తాగాడే అనుకుందాం, జబ్బే అనుకుందాం. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం జబ్బు మనిషికి కూడా గౌరవంగా బతికే హక్కునిచ్చింది. తాళ్లతో కట్టడం ఏ వైద్యం?

వంగలపూడి అనిత రాసిన ఉత్తరాన్నే హైకోర్టు పిటిషన్‌గా తీసుకుని, మే 22న సీబీఐ విచారణకి ఆదేశించింది. జూన్‌లో ఆయన ఆసుపత్రి నుంచి బయటికొచ్చారు. ఏడాది తిరక్కుండానే, 2021 మే 21న, గుండె ఆగి పోయారు.

నన్ను వదలనిది మాత్రం ఆ రోజుల్లో గడప గడపకీ తిరిగి జ్వరాల లెక్క రాసుకున్న ఆశా కార్యకర్త. ఆమెకి పదివేలు ఇస్తారు, దాన్ని జీతం అనరు, గౌరవ వేతనం అంటారు. (గౌరవం ఏపాటిదో చెప్పక్కర్లేదు.) డాక్టరుకైతే సస్పెన్షన్ ఆర్డరైనా టైపు చెయ్యాలి, ఆమెకి నోటి మాట చాలు. ఆ వీడియో ఆమె ఫోన్‌లోకీ వచ్చే ఉంటుంది. చూసి, చున్నీ ముక్కుకి అడ్డంగా బిగించుకుని పక్కింటి తలుపు కొట్టి ఉంటుంది.

2024 జూన్‌లో అనితగారు హోంమంత్రి అయ్యారు. ఆనాడు ఉత్తరం రాసిన చేతికే పోలీసు శాఖ వచ్చింది. ఈసారి మాస్కు అడిగేది ఆ ఆశా కార్యకర్తే అయితే, ఆమె కోసం ఉత్తరం ఎవరు రాస్తారు?