సీసాలో పులుపు

ఆవకాయలో వెనిగరు! ఈ వారం కొన్న పచ్చడి సీసా వెనక సన్నక్షరాలు చదివి ఒళ్లు మండింది. ‘ఇ260’ అట, అంటే అసిటిక్ ఆసిడ్. మామిడికాయకు లేని పులుపా?

ఆ పేరుతో నాకు పాత పరిచయం. హైదరాబాద్‌లో డిగ్రీ రోజుల్లో, ఓ డిసెంబరు పొద్దున ప్రాక్టికల్స్‌కి వెళితే గ్లేషియల్ అసిటిక్ ఆసిడ్ సీసా ఒంపినా చుక్క రాలేదు. లోపలంతా పటికబెల్లంలా గడ్డ. మావల్లే ఏదో పాడైందని హడలిపోయాం. ల్యాబ్ అటెండర్ నవ్వి, సీసాను గోరువెచ్చని నీళ్లలో నిలబెట్టాడు. నీళ్లు కలవని ఆ ఆసిడ్ 16.6 డిగ్రీల దగ్గరే గడ్డకడుతుంది, మంచుపేరు అందుకే వచ్చింది. కరిగాక మూత తీస్తే ముక్కు అదిరింది. ఒంటిమీద పడితే బొబ్బలే. దాన్నే నీళ్లలో పలచన చేసి సింథటిక్ వెనిగర్‌గా అమ్ముతారని తెలిశాక నూడుల్స్ బండి మీది సీసా ముట్టుకుంటే ఒట్టు.

ఇదంతా మా అక్క కూతురి దగ్గర వెళ్లగక్కాను. అది నర్సు. "ఆ పులుపు లేకపోతే మా క్యాన్సర్ పరీక్షల క్యాంపు నడవదు పిన్నీ" అంది. 3 నుంచి 5 శాతం ద్రావణాన్ని గర్భాశయ ముఖద్వారానికి దూదితో అద్ది, ఒక నిమిషం ఆగుతారు. తేడా చేసిన కణాలుంటే అక్కడ తెల్లగా మచ్చ తేలుతుంది. మచ్చంటే క్యాన్సరని కాదు, ఇంకా చూడాలని. మైక్రోస్కోపు అక్కర్లేదు, మంచి వెలుతురు చాలు. ముంబయి మురికివాడల్లో టాటా మెమోరియల్ వాళ్లు 1998లో మొదలుపెట్టిన అధ్యయనంలో లక్షన్నర మంది ఆడవాళ్లున్నారు. పరీక్ష చేసింది డాక్టర్లు కాదు, శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్తలు. పరీక్షలు జరిగిన చోట ఆ క్యాన్సర్ మరణాలు 31 శాతం తక్కువ. మిగతా సగం మందిని పరీక్ష లేకుండా వదిలేశారన్న విమర్శా వచ్చింది, అదీ న్యాయమే.

నా నోరు మూతపడింది. ఇంతలో అది అడిగింది: "నువ్వెప్పుడు చేయించుకున్నావు?"

ఎప్పుడూ లేదు. తీరా ఇప్పుడు సిద్ధమంటే, యాభై దాటినవాళ్లకు చూడాల్సిన చోటు లోపలికి జరిగిపోతుందట, ఆసిడ్‌తో సరిగా తెలియదట. ఆ క్యాన్సర్ తెచ్చే వైరస్‌ను వెతికే హెచ్‌పీవీ పరీక్షే నయమంది. 2021 నుంచి ప్రపంచ ఆరోగ్య సంస్థ ముందుగా చెప్పేదీ అదే.

మంగళవారం వెళుతున్నాను. ముప్పై దాటిన అక్కచెల్లెళ్లూ, మీ ఊరి ఆరోగ్య కేంద్రంలో ఓసారి అడగండి. ఆవకాయలో మాత్రం, నా మాట నాదే.