ఎన్ని గంటలకు తీస్కపోయిండ్రు?

నస్పూర్‌లో ఎవరి కొడుకునైనా పోలీసులు రాత్రికి రాత్రి తీసుకెళ్లారనుకోండి. తెల్లారి ఆ తల్లి మంచిర్యాల కోర్టుకు పరుగెత్తితే, పని తెలిసిన వకీలు మొదట అడిగేది ఒక్కటే: ‘ఎన్ని గంటలకు తీస్కపోయిండ్రమ్మా?’ ఏడుస్తున్న మనిషికి అది కటువుగా వినిపించవచ్చు. కానీ కేసంతా ఆ జవాబు మీదే నిలబడుతుంది. రాజ్యాంగం 22వ అధికరణం ప్రకారం, ప్రయాణ సమయం పోను 24 గంటల్లోగా మేజిస్ట్రేటు ముందు హాజరుపరచాలి. గంట తెలియకపోతే లెక్క ఎక్కడ మొదలుపెడతారు? అరెస్టు మెమోలో తేదీ, సమయం వేసి, ఇంటివాళ్లతోనో ఊళ్లో పెద్దమనిషితోనో సాక్షి సంతకం పెట్టించాలని డి.కె. బసు కేసులో సుప్రీంకోర్టు 1996లోనే చెప్పింది.

ఈ ప్రాంతానికి గంటల విలువ బాగా తెలుసు. 1975 మేలో ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లా రైతాంగ పోరాటంలోని భూమయ్య, కిష్టాగౌడ్‌ల ఉరిని హైకోర్టు చివరి ఘడియలో ఆపింది. అందుకోసం పరుగులు తీసిన వకీళ్లలో కె.జి. కన్నబిరాన్ ఒకరు. డిసెంబరు 1న, ఎమర్జెన్సీ చీకట్లో, ఇద్దరినీ ఉరి తీశారు. అయినా ఆ ఆరు నెలల ఆయుష్షు తక్కువదేమీ కాదు.

అలాంటి మరో వకీలు కె. బాలగోపాల్. కాకతీయ విశ్వవిద్యాలయంలో లెక్కలు చెప్పి, తర్వాత నల్లకోటు వేసుకున్నారు. ఎన్‌కౌంటర్ జరిగితే పోలీసులపైనా ఎఫ్ఐఆర్ కట్టాలని, ఆత్మరక్షణ కోసమే కాల్చామన్న మాట విచారణలో తేలాలని ఆయన వాదించారు. 2009 ఫిబ్రవరి 6న ఆంధ్రప్రదేశ్ హైకోర్టు అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఆ వాదనకు ఒప్పుకుంది. సుప్రీంకోర్టు దానిపై స్టే ఇచ్చింది. అదే ఏడాది అక్టోబరులో బాలగోపాల్ కన్నుమూశారు. 2014లో సుప్రీంకోర్టే ఎఫ్ఐఆర్, స్వతంత్ర దర్యాప్తు తప్పనిసరి చేస్తూ మార్గదర్శకాలిచ్చింది.

అంతటి వకీలును పెట్టుకునే స్తోమత ఎవరికుంటుందన్న దిగులు సహజం. 1987 న్యాయ సేవల చట్టం 12వ సెక్షన్ చదివితే కొంత ధైర్యం వస్తుంది. ఆడవాళ్లు, ఎస్సీ, ఎస్టీలు, కస్టడీలో ఉన్నవాళ్లతో పాటు పారిశ్రామిక కార్మికులకూ, ఆదాయంతో నిమిత్తం లేకుండా, ఉచిత వకీలు దొరుకుతారు. అంటే శ్రీరాంపూర్ ఏరియా బాయిలో బొగ్గు తవ్వే కార్మికుడికీ ఆ హక్కుంది. ప్రతివాది ప్రభుత్వమే అయినా సరే. ఆ సాయం కోసం చేయాల్సిన ఫోన్ నంబరు 15100. ఆ అయిదంకెలనూ ప్రతి బాయి గేటు దగ్గరా, నస్పూర్ కలెక్టరేట్ గోడ మీదా పెద్దక్షరాల్లో రాయించాలి.