ఒక డిస్కు, రెండు వ్యవస్థలు: రెండు మార్గదర్శక గ్రంథముల పరిశీలన

ఒకే కంప్యూటరులో రెండు ఆపరేటింగ్ సిస్టములను అమర్చుట విద్యార్థికి మంచి ప్రయోగము. యంత్రమునకు విద్యుత్తు అందిన క్షణము మొదలు తెరపై అక్షరములు కనిపించువరకు లోపల ఏమి జరుగునో దీనివలన చక్కగా బోధపడును. అందరు ఎరిగిన విండోసును, లినక్సును విడిచి, మన పాఠశాలలలో అరుదుగా వినవచ్చు ఫ్రీబీఎస్‌డీ, హైకూ అను రెండు వ్యవస్థలను ఒకే డిస్కుపై నిలుపదలచిన వారికి, వాని నిర్మాతలు సమకూర్చిన గ్రంథములు ఎంతవరకు తోడ్పడునో పరిశీలింతము.

ఫ్రీబీఎస్‌డీ 1993లో వెలువడినది. కాలిఫోర్నియాలోని బర్కిలీ విశ్వవిద్యాలయములో పెరిగిన యూనిక్సు శాఖ దీనికి మూలము. హైకూ 2001లో ఆరంభమైనది. బీ అను సంస్థ తన బీఓఎస్ వ్యవస్థతో కనుమరుగు కాగా, దానిని అభిమానించినవారు అట్టి వ్యవస్థనే తిరిగి నిర్మింప పూనుకొనిరి. ఈ రెండును ఉచితముగా లభించును.

ఫ్రీబీఎస్‌డీ వారి హ్యాండ్‌బుక్ పెద్ద గ్రంథము. ప్రతి మెట్టునకు కారణము చెప్పుట దాని గుణము. యంత్రము మేల్కొనునపుడు ఒక చిన్న ప్రోగ్రాము తనకంటె పెద్ద దానిని, అది ఇంకను పెద్ద దానిని పిలుచు క్రమమును అది ఓపికతో వర్ణించును. హైకూ వారి గ్రంథము చిన్నది, బొమ్మలతో కూడినది. కొత్తవారిని బెదరింపదు, కాని చేయవలసిన పనిని చెప్పి ముందుకు సాగును, లోపల జరుగు దానిని వివరించుటకు ఎక్కువగా ఆగదు. విడివిడిగా చూచినచో రెండును మంచి గ్రంథములే. చిక్కు వచ్చునది రెంటిని ప్రక్కప్రక్కన పెట్టుకొని పని చేయునప్పుడే.

మొదటి చిక్కు మాటలో ఉన్నది. పాత పద్ధతి డిస్కు పట్టికలో నాలుగు ప్రధాన భాగములకు చోటు ఉండును. హైకూ ఈ భాగమును 'పార్టిషన్' అనును. ఫ్రీబీఎస్‌డీ దీనినే 'స్లైస్' అని పిలిచి, స్లైసు లోపల తాను చేసికొను ఉపభాగములకు 'పార్టిషన్' అను పేరు పెట్టినది. ఒకే తరగతిలో ఇద్దరు ఉపాధ్యాయులు ఒకే మాటను రెండు అర్థములలో వాడిన విద్యార్థి గతి ఏమగును? హ్యాండ్‌బుక్ ఈ భేదమును వివరింపకపోలేదు. కాని ఆ వివరణ మూడవ అధ్యాయములో ఉన్నది. డిస్కును విభజించు పని రెండవ అధ్యాయములోనే ముగిసిపోవును!

రెండవ చిక్కు అంకెలలో ఉన్నది. ఫ్రీబీఎస్‌డీ స్లైసులను 1 నుండి లెక్కించును. హైకూ 0 నుండి లెక్కించును. మొదటి వ్యవస్థలో చూచి 1 అని కాగితముపై వ్రాసికొన్న బాలుడు హైకూలో 1 అను భాగమును చెరిపినచో, చెరుగునది రెండవ భాగము. దానిలోని వ్రాతలన్నియు పోవును. దీనికి సులభమైన ఉపాయము కలదు. రెండు భాగములను సమానముగా చేయక, ఒకటి 30 గిగాబైట్లు, మరొకటి 60 గిగాబైట్లుగా చేయవలెను. పేరు, అంకె మారినను కొలత మారదు. ఇట్టి చిన్న సలహా రెండు గ్రంథములలోను ప్రముఖముగా ఉండవలసినది.

మూడవది, ద్వారము వద్ద కలుగు సందేహము. పాత పద్ధతిలో డిస్కు మొదటి సెక్టారు 512 బైట్లు. అందు పట్టికకు 64, చివరి గుర్తునకు 2 పోగా, మిగిలినవి 446. ఏ వ్యవస్థ కావలెనని అడుగు ఫ్రీబీఎస్‌డీ ప్రోగ్రాము ఈ ఇరుకు చోటిలోనే ఒదుగవలెను. ప్రతి భాగమునకు పట్టికలో జాతిని తెలుపు సంఖ్య ఒకటి ఉండును: ఫ్రీబీఎస్‌డీకి 165, హైకూకు 235. తానెరిగిన కొన్ని సంఖ్యలకే ఈ ప్రోగ్రాము పేరు చూపును. హైకూకు ప్రశ్నార్థకములు మాత్రమే చూపును. అది చూచి హైకూ పాడైనదని విద్యార్థి భయపడనక్కరలేదు. ఆ మీట నొక్కిన చాలును, హైకూ మేల్కొనును; హైకూ భాగమున దాని బూటు సెక్టారు వ్రాయబడి ఉండవలెను, అంతియే.

యూఈఎఫ్ఐ పద్ధతిగల నేటి యంత్రములలో ఈ ఇరుకు లేదు. బూటు ప్రోగ్రాములు ఒక ప్రత్యేక భాగమున మామూలు ఫైళ్లుగా ఉండును. కాని బూట్ఎక్స్64 అను ఒకే పేరును అనేక వ్యవస్థలు వాడుకొనుచున్నవి. ఒకదానిపై మరొకటి వ్రాసిన మొదటిది నశించును. కనుక ఒక్కొక్క వ్యవస్థకు వేరు ఫోల్డరు ఏర్పరచుట క్షేమము.

మొత్తము మీద, ప్రతి గ్రంథమును తన ఇంటిని చక్కగా చూపినది. పొరుగింటితో గల సరిహద్దును మాత్రము విస్మరించినది. నష్టము కలుగునది ఆ సరిహద్దులోనే. తెలుగులో ఇట్టి గ్రంథము వ్రాయువారు మొదటి పుటలోనే 'భాగము', 'ఉపభాగము' అను మాటల అర్థమును స్థిరపరచి, రెండు వ్యవస్థల పేర్లను, అంకెలను ఒకే పట్టికలో ఎదురెదురుగా చూపవలెను. అంతవరకు ఉపాధ్యాయులు ఆ పట్టికను నల్లబల్లపై తామే వ్రాసి, ముఖ్యమైన ఫైళ్లేవియు లేని పాత కంప్యూటరుపై ఈ ప్రయోగమును చేయించుట మంచిది.