కదలని ఇంజన్లు

ఇంగ్లండ్‌లో క్రిస్మస్ సందడి ముగిసి జనవరి మొదలైందంటే చాలు, పేపర్లమ్మే దుకాణాల్లో కొత్త అట్టలు వరసగా నిలబడతాయి. వెడల్పాటి అట్ట, దాని మీద ప్లాస్టిక్ గూడు, గూట్లో ఒక బొమ్మ, వెనకాల పల్చటి పుస్తకం. యుద్ధ ట్యాంకులు, పాత కార్లు, చేతి గడియారాలు, ఊలు అల్లికలు, ఏటా ఏదో ఒక వరస కొత్తగా మొదలవుతుంది. మొదటి సంచికను రెండు మూడు పౌండ్లకే చేతిలో పెడతారు. రెండోదానికి కాస్త పెంచుతారు. ఆ తర్వాత అసలు ధర. చందా కట్టి ఓపిగ్గా ఆగినవాళ్లకు ఏడాది, రెండేళ్లలో అర నిండుతుంది. ఇక్కడ వీటిని పార్ట్‌వర్క్ అంటారు.

పద్ధతి పాతదే. డికెన్స్ రాసిన ‘పిక్‌విక్ పేపర్స్’ను 1836లో నెలకో భాగం చొప్పున, షిల్లింగుకొకటిగా అమ్మారు. మనకూ ఇది కొత్తేం కాదు. వారపత్రికలో సీరియల్ పేజీలు జాగ్రత్తగా చింపి దాచి, ఆఖరి భాగం రాగానే ప్రెస్సుకిచ్చి బైండు చేయించుకున్న ఇళ్లు ఆంధ్రదేశమంతా ఉన్నాయి. మా అమ్మ ట్రంకుపెట్టె నిండా అవే. ఒక్క వారం సంచిక దొరక్కపోతే ఆ ఊరూ ఈ ఊరూ అడిగి తెప్పించేది. నేను రైలింజన్ల కోసం పాత సామాన్ల సంతలు తిరగడం చూస్తే ఆవిడకు వేరే చెప్పక్కర్లేదు.

నా దగ్గరున్న వాటిలో ఎక్కువ భాగం 2014లో బ్రిటన్‌లో మొదలైన ‘గ్రేట్ బ్రిటిష్ లోకోమోటివ్స్’ వరసలోవి. చందా కట్టి తెప్పించుకున్నవి తక్కువ. మిగతావన్నీ ఒకరు వదిలించుకుంటే నేను తెచ్చుకున్నవి. చారిటీ షాపులో, చర్చి హాల్లో జరిగే రైలు బొమ్మల ప్రదర్శనలో, బల్ల కింద అట్టపెట్టెలో పడి ఉంటాయి. ఐదు పౌండ్లు, బేరమాడితే మూడు. మోటారుండి నడిచే అదే సైజు ఇంజన్ కొత్తది కొనాలంటే ఇవాళ నూట యాభై పౌండ్లు సునాయాసంగా దాటుతుంది. ఇవి నడవవు. చిన్న పట్టాల ముక్క మీద, నల్లటి పీఠానికి మరలతో బిగించి ఉంటాయి. చాలావాటికి చక్రాలు కూడా తిరగవు. అందుకే నడిచే రైళ్లున్నవాళ్లు వీటిని చూడగానే పెదవి విరుస్తారు. ఆ విరుపు నాకు ఏ రోజూ సబబుగా తోచలేదు.

ఆ వరసలో మొదటి సంచికతో వచ్చింది మాలార్డ్. 1938 జూలై 3న గ్రాంథమ్‌కు దక్షిణాన స్టోక్ వాలు మీద గంటకు 126 మైళ్లు, అంటే సుమారు 203 కిలోమీటర్ల వేగం అందుకున్న ఇంజన్. డ్రైవరు జో డడింగ్‌టన్, ఫైర్‌మన్ టామీ బ్రే. ఆవిరి ఇంజన్లలో ఆ రికార్డు ఇప్పటికీ దానిదే. ఆ పరుగులో మధ్య సిలిండరు తాలూకు పెద్ద బేరింగు వేడెక్కిపోయి, ఇంజన్ ఇక లండన్ దాకా వెళ్లలేక నేనుండే పీటర్‌బరోలోనే ఆగింది. ఇప్పుడు యార్క్‌లోని జాతీయ రైల్వే మ్యూజియంలో ఉంది. చూడ్డానికి వెళ్తే చుట్టూ ఎప్పుడూ జనమే. తల పైకెత్తి చూస్తే దాని ఎత్తు తెలుస్తుంది, పొడవు తెలుస్తుంది, ఆకారం మాత్రం ఒక్క చూపులో అందదు. దాదాపు 70 అడుగుల ఇంజన్ బల్ల మీద 28 సెంటీమీటర్లకు దిగితే ఆ ఆకారం కళ్లముందు పూర్తిగా నిలుస్తుంది. ముక్కు దగ్గర వాలు ఎంత మెల్లగా మొదలై ఎక్కడ పైకి లేచిందో, పక్కల రేకు చక్రాల మీదుగా ఎలా వంగి దిగిందో, ఆ వంపే వెనకాల బొగ్గూ నీళ్లూ మోసే టెండరు దాకా ఎలా సాగిందో వేలితో తడిమి తెలుసుకోవచ్చు. దీన్ని గీసిన నైజల్ గ్రెస్లీ చేతి నైపుణ్యం నాకు మ్యూజియంలో కంటే నా బల్ల మీదే బాగా అర్థమైంది.

మాలార్డ్‌నే మొదటి సంచికకు ఎంచుకోవడంలో పేరు ప్రతిష్ఠలతో పాటు ఇంకో లాభం కూడా ఉందని నాకనిపిస్తుంది. చవక బొమ్మల్లో ముందు బయటపడే లోపం చక్రాలూ, వాటిని కలిపే రాడ్లూ. మాలార్డ్ చక్రాల పై సగాన్ని పక్క రేకులు కప్పేస్తాయి. తర్వాతి సంచికల్లో చక్రాలన్నీ బయటికి కనిపించే ఇంజన్లు వచ్చినప్పుడు తేడా తెలుస్తుంది. రాడ్లు మరీ లావు, వాటి మీద వెండిపూత మరీ మెరుపు.

అక్కడే చేతికి పని మొదలవుతుంది. పీఠం కింద రెండు మరలు విప్పితే ఇంజన్ ఊడి వస్తుంది. ముదురు బూడిదరంగు పెయింటును బాగా పల్చన చేసి సన్న కుంచెతో రాడ్ల మీద పారిస్తాను. అది సందుల్లోకి జారి నిలుస్తుంది. పైన మిగిలినదాన్ని దూదిపుల్లతో తుడిచేస్తే మెరుపు చచ్చి, నూనె, మసి పట్టిన ఉక్కులా కనిపిస్తుంది. పొగగొట్టం వెనకాల బాయిలర్ మీద నల్ల సుద్దపొడి కొంచెం వేలితో రుద్దుతాను. బాయిలర్ మీద నీళ్లు కారి ఎండిన చోట్ల తెల్లటి చారలు పడతాయి కదా, వాటికి సున్నపు రంగు చాలు, అదీ ఎండిన కుంచెతో. నంబర్ల జోలికి మాత్రం వెళ్లను. అవి ఫ్యాక్టరీలో మెత్తటి సిలికాన్ దిండుతో అద్దినవి. చెక్కిన పలక మీది సిరాను దిండు ఎత్తుకుని, వంపు తిరిగిన చోట కూడా చెదరకుండా దించుతుంది. భూతద్దం పెట్టి చూస్తే వెంట్రుకంత నారింజ గీత కూడా తెగకుండా ఉంటుంది. ఐదు పౌండ్ల వస్తువులో అంత శుభ్రమైన పని చూసినప్పుడు ఎక్కడో ఆ యంత్రం దగ్గర నిలబడి పనిచేసినవాళ్ల మీద గౌరవం కలుగుతుంది.

రెండు వందల పౌండ్ల ఇంజన్ మీద ఎవరూ సుద్దపొడి రుద్దరు. పెట్టె కూడా జాగ్రత్తగా దాస్తారు, మళ్లీ అమ్మినప్పుడు ధర పలకాలని. చవకది కాబట్టే దీని మీద చెయ్యి వేయగలం. కోయొచ్చు, అతికించొచ్చు, పక్కింటి పిల్లాడు అడిగితే చేతికివ్వొచ్చు. నాకు ఇంజన్ల గురించి తెలిసిందంతా వీటిని విప్పితే తెలిసిందే.

ఒక ఉదాహరణ చెబుతాను. మాలార్డ్ తరగతి ఇంజన్లు మొత్తం 35 కట్టారు. 1937లో కొత్త రాజు పట్టాభిషేకం జరిగిన ఏడాది వాటిలో ఐదింటికి అప్పటి సామ్రాజ్యంలోని దేశాల పేర్లు పెట్టారు. అందులో 4490 నంబరు ఇంజన్ పేరు ‘ఎంపైర్ ఆఫ్ ఇండియా’. కెనడా పేరున్నదీ, దక్షిణాఫ్రికా పేరున్నదీ ఇంకా బతికే ఉన్నాయి. మన పేరున్నదాన్ని 1964లో సేవ నుంచి తప్పించి తుక్కు చేశారు. ఆ 35లో మిగిలినవి మొత్తం ఆరే. ఈ సంగతి తెలిశాక సంతలో దొరికిన మాలార్డ్‌ను 4490గా మార్చాలని కూర్చున్నాను. రంగు ఒకటే నీలం, పేరూ నంబరూ మారిస్తే సరిపోతుందనుకుంటారు ఎవరైనా. కానీ మాలార్డ్‌కు పుట్టుకతోనే జంట పొగగొట్టం. 4490కి అప్పట్లో ఉన్నది ఒంటిది. జంట గొట్టం ఆ తరగతిలో చాలావాటికి 1950ల చివర్లోగానీ రాలేదు. అంటే గొట్టం కోసి, ఆకురాయి పెట్టి, పొట్టిగా గుండ్రంగా చేయాలి. పొగ, ఆవిరి బయటికి పోయే దారిని సరిచేయడం వల్లే మాలార్డ్‌కు అంత ఊపు వచ్చిందని చదివి ఉండొచ్చు, కానీ ఆ గొట్టం పొడవులో తేడాను ఆకురాయితో అరగదీసినవాడికి ఆ మాట ఇంకోలా ఎక్కుతుంది.

ఈ బొమ్మల కొలతలోనూ ఒక చరిత్ర దాగి ఉంది. బ్రిటన్‌లో ఇంటి రైళ్లకు ఎక్కువ మంది వాడేది 1:76 కొలత. అసలు అడుగుకు బొమ్మలో నాలుగు మిల్లీమీటర్లు. యూరప్‌లో వాడేది 1:87. బ్రిటిష్ వంతెనలు, సొరంగాలు ఇరుకు కాబట్టి ఇక్కడి ఇంజన్లు యూరప్ ఇంజన్ల కంటే సన్నవి. ఆ రోజుల్లో దొరికే మోటార్లు 1:87 బ్రిటిష్ ఇంజన్ ఒంట్లో పట్టేవి కావు. అందుకని ఒంటిని పెద్దది చేశారు, పట్టాల మధ్య దూరాన్ని మాత్రం అదే 16.5 మిల్లీమీటర్లుగా ఉంచేశారు. లెక్క ప్రకారం నాలుగడుగుల ఎనిమిదిన్నర అంగుళాలుండాల్సిన పట్టాలు నాలుగడుగుల చిల్లరకు కుదించుకుపోయాయి. ఎదురుగా నిలబడి చూస్తే ఇంజన్ పెద్దది, కాళ్ల మధ్య జాగా తక్కువ. విచిత్రమేమంటే నా అరలో ఉన్న ఈ ఇంజన్లకు మోటారే లేదు. అయినా మోటారు కోసం ఎప్పుడో చేసుకున్న సర్దుబాటును అలాగే మోస్తున్నాయి.

నడవని ఇంజన్లకు నిజంగా తగిన చోటు ఒకటుంది. దక్షిణ వేల్స్‌లో బారీ రేవు దగ్గర వుడ్‌హామ్ బ్రదర్స్ వాళ్ల తుక్కు యార్డు. బ్రిటిష్ రైల్వే ఆవిరిని వదిలించుకుంటూ, 1968 ఆగస్టులో ఆఖరి బండి నడిపేదాకా, వేలాది ఇంజన్లను తుక్కు వ్యాపారులకు అమ్మింది. మిగతా యార్డులు తెచ్చినవాటిని వెంటనే కోసేశాయి. బారీలో డాయ్ వుడ్‌హామ్ పాత వ్యాగన్లు కోయడం తేలికని ముందు ఆ పని పట్టి, ఇంజన్లను తర్వాతికి వాయిదా వేశాడు. అవి సముద్రపు ఉప్పుగాలికి తుప్పు పడుతూ ఏళ్ల తరబడి నిలబడ్డాయి. ఆ లోపు చందాలు పోగేసుకుని అభిమానులు ఒక్కోదాన్నే కొనుక్కుపోయారు. మొదటిది 1968 సెప్టెంబర్‌లో కదిలింది. అలా మొత్తం 213 ఇంజన్లు బయటపడ్డాయి. ఇవాళ బ్రిటన్‌లో పండగలకూ సెలవులకూ పొగ కక్కుతూ నడిచే ఇంజన్లలో చాలావాటి ప్రాణం ఆ వాయిదా పుణ్యమే.

ఆ యార్డును ఒక చెక్కపలక మీద కడుతున్నాను. దానికి మోటారు ఇంజన్లు దండగ. విరిగిన రాడ్లు, ఊడిపోయిన టెండర్లు, పొగగొట్టం లేని బాయిలర్లు, సంతలో ఎవరూ ముట్టుకోనివన్నీ ఇక్కడికి పనికొస్తాయి. తుప్పు వేయడం ఒక విద్య. ఒకే గోధుమరంగు పూస్తే మట్టి బొమ్మలా ఉంటుంది. రేకు కిందిభాగంలో ముదురు, అంచుల దగ్గర నారింజ, నీళ్లు నిలిచే మూలల్లో దాదాపు నలుపు, మధ్యమధ్య పాత ఆకుపచ్చ పెయింటు పెచ్చులుగా మిగలాలి. ఇత్తడి, రాగి భాగాలు దొంగలు పట్టుకుపోయిన చోట ఖాళీలు కనిపించాలి. బారీ ఫొటోలు ముందు పెట్టుకుని ఒక్కో ఇంజన్‌కూ దానికి తగ్గ తుప్పు వేస్తుంటే ఆ యార్డులో వాటి కోసం చందాలు పోగేసినవాళ్ల ఆరాటం నాకు తెలిసొస్తోంది.

అర నిండా బ్రిటిష్ ఇంజన్లే. నేను పెరిగింది కావలిలో. బిట్రగుంట షెడ్డు మాకు పక్కనే. మెయిల్ బండి ముందు తుపాకీ గుండులాంటి ముక్కుతో వచ్చే డబ్ల్యూపీ ఇంజన్‌ను చూడ్డానికి అన్నయ్యా నేనూ ప్లాట్‌ఫారం చివరిదాకా పరిగెత్తేవాళ్లం. 1947లో మొదటి 16 అమెరికాలోని బాల్డ్విన్ కంపెనీ నుంచి వచ్చాయి. తర్వాత గ్లాస్గో, కెనడా, పోలండ్, వియన్నా, చివరికి మన చిత్తరంజన్. మొత్తం 755. ఇంత పెద్ద కుటుంబానికి చెందిన ఇంజన్ నా అరలో లేకపోవడం నాకు లోటే.

అందుకే ఇప్పుడు దాన్ని నేనే చేస్తున్నాను. డబ్ల్యూపీ పెద్ద చక్రాలు 5 అడుగుల 7 అంగుళాలు. సంతలో దొరికిన ఒక విరిగిన ట్యాంక్ ఇంజన్ చక్రాలు 5 అడుగుల 8 అంగుళాలవి, బొమ్మలో ఆ అంగుళం లెక్కలోకి రాదు. మన బ్రాడ్‌గేజ్ ఐదున్నర అడుగులు, ఈ కొలతలో 22 మిల్లీమీటర్లు రావాలి. నడిచే ఇంజన్ అయితే ఇరుసులు, గేర్లు, కరెంటు అందుకునే రేకులు అన్నీ మార్చాలి, నా వల్లయ్యే పని కాదు. ఇది నడవదు కనుక పాత ఇరుసు కోసి, మధ్యలో ప్లాస్టిక్ గొట్టం ముక్క దూర్చి, చక్రాలను కావలసినంత ఎడంగా జరిపి గమ్ పెట్టేశాను. మొదటిసారి ఈ కొలతలో చక్రాల మధ్య దూరం సరిగ్గా ఉన్న ఇంజన్ నా బల్ల మీద నిలబడింది, అదీ మన బ్రాడ్‌గేజ్ మీద. బాయిలర్ ఒక మాలార్డ్ లోపలి గొట్టానికి ప్లాస్టిక్ రేకు చుట్టి చేసింది. ముక్కు కోసం చెక్కపూసను ఆకురాయితో తీరుస్తున్నాను.

మొన్న ఫోన్లో అన్నయ్యకు వర్ణించి చెబితే, “ఒరేయ్, ముక్కు మీద నక్షత్రం తెల్లది వేస్తావేమో, అది వెండి రంగురా. మొనలు చాలా సన్నగా ఉండేవి” అన్నాడు. మొనలు ఎన్నో అన్నయ్యకూ గుర్తు లేదు. షెడ్డును బట్టి నక్షత్రం తీరు మారేది కాబట్టి నాకు కావలసింది బిట్రగుంట మీదుగా తిరిగిన ఇంజన్ ఫొటో. 1970లలో ఆ ప్లాట్‌ఫారం మీద దిగిన పెళ్లివారి గ్రూపు ఫొటో అయినా సరే, వెనకాల ఇంజన్ ముక్కు పడి ఉంటే చాలు. ఎవరి ఆల్బంలోనైనా ఉంటే పత్రిక చిరునామాకు ఒక కాపీ పంపండి. టెండరు పక్కన అక్షరాలు కూడా కనిపిస్తే ఇంకా మేలు.