నెత్తురూ పాలూ: రష్యన్ పోలికలు తెలుగులో

ఆరోగ్యంతో మిసమిసలాడే మనిషిని చూసి రష్యన్లు 'పాలతో కలిసిన నెత్తురు' అంటారు. తెల్లని చర్మం కింద ఎర్రగా జీవం ఆడుతున్నదని భావం. ఈ మాటను ఉన్నదున్నట్టు తెలుగు చేసి, సదాశివనగర్‌లో పాడి ఉన్న ఇంట చదివి వినిపించండి. అక్కడ అందం ఎవరికీ తోచదు, పొదుగువాపు తోస్తుంది. పాలలో నెత్తురు పడిందంటే బర్రెకు జబ్బు చేసిందన్నమాట. మాట తప్పని అనువాదకుడు భావాన్ని పూర్తిగా తప్పాడు.

మరి ఏం చేయాలి? చెయ్యి చాచగానే అందేది ప్రబంధాల పెట్టె. చంద్రబింబం, దొండపండు, తామరరేకు అందులో సిద్ధంగా ఉంటాయి. వోల్గా ఒడ్డున గడ్డికోసే పిల్ల ఒక్క వాక్యంలో రాయలవారి అంతఃపుర కాంత అయిపోతుంది. ఇది మొదటిదానికన్నా పెద్ద తప్పు. అక్కడ పాఠకుడు ఆగి విస్తుపోతాడు. ఇక్కడ మోసపోయిన సంగతే అతనికి తెలియదు.

ఇది వ్యాకరణ పండితుల తీరుబడి చర్చ కాదు. మాస్కోలోని ప్రగతి ప్రచురణాలయం, 1982 తర్వాత రాదుగ, మన చేతుల్లో చవకగా పెట్టిన పుస్తకాలే రెండు మూడు తరాల వామపక్ష పాఠకులను తయారు చేశాయి. ఉప్పల లక్ష్మణరావు వంటివారు మాస్కోలోనే ఉండి ఆ పని చేశారు. 1991లో సోవియట్ యూనియన్ పోయాక ఆ రాక ఆగింది. ఇప్పుడు మళ్ళీ అనువదించవలసి వస్తే ఆ భారం మన విద్యార్థుల మీద, ఉపాధ్యాయుల మీదనే పడుతుంది.

పొడుగు మనిషిని రష్యన్లు 'కొలొమ్నా వెర్స్ట్' అంటారు. పదిహేడవ శతాబ్దంలో జారు అలెక్సేయి మాస్కో నుంచి తన కొలొమెన్‌స్కొయె భవనానికి పోయే దారి పొడవునా ఎత్తయిన దూరపు స్తంభాలు పాతించాడు. ప్రజలు రాజుగారి స్తంభాన్ని తీసుకొచ్చి పొడుగువాడి నెత్తిన పెట్టి నవ్వుకున్నారు. దీన్ని 'మైలురాయంత మనిషి' అని తెలుగు చేస్తే కొంప మునుగుతుంది. మన మైలురాయి మోకాలెత్తు, పొడుగువాడు పొట్టివాడవుతాడు! 'తాటిచెట్టంత మనిషి' అంటే ఎత్తు దక్కుతుంది గాని, రాజు మీది ఎకసెక్కం పోతుంది. ఏది ముఖ్యమో ఆ సందర్భమే చెప్పాలి.

గొగోల్ దగ్గరికి వస్తే ఈ లెక్క ఇంత తేలిక కాదు. 1842లో వచ్చిన 'మృత జీవులు' నవలలో సొబాకెవిచ్ అనే భూస్వామి ఉన్నాడు. కిటికీలో కనబడిన అతని ముఖాన్ని, బలలైకా వాద్యాలు చేసే ఒక బుర్రతో పోలుస్తాడు రచయిత. ఏ నిఘంటువో చూసి ఇక్కడ 'గుమ్మడికాయ' అని రాస్తే గుండ్రదనం వస్తుంది, వాద్యం పోతుంది. ఆ కాయ నిజానికి మన సొరబుర్రే. మనవాళ్ళు తంబురకు వాడేదీ అదే. రెండు దేశాల పల్లెవాళ్ళూ ఒకే కాయను ఎండబెట్టి తీగ బిగించారు. అనువాదకుడికి ఇంతకన్నా అదృష్టం ఏముంటుంది?

తర్వాత గొగోల్ ఇంకా ముందుకు పోతాడు. ప్రకృతి సొబాకెవిచ్‌ను చేసేటప్పుడు ఆకురాయి వంటి సన్న పనిముట్లు ముట్టలేదట. గొడ్డలితో ఒక వేటుకు ముక్కు, ఇంకో వేటుకు పెదవులు, పెద్ద బరమాతో కళ్ళు తొలిచి, చిత్రిక పట్టకుండానే లోకంలోకి వదిలేసిందట. తెలుగులో 'చిత్రిక పట్టడం' అనే పలుకుబడి వడ్రంగి కొట్టం నుంచే వచ్చింది గనుక ఇక్కడ వెతుక్కోవలసింది ఏమీ లేదు. కాని అసలు దెబ్బ వేరే ఉంది. ఈ భూస్వామి చచ్చిపోయిన తన అర్ధబానిసల పేర్లను అమ్ముతాడు. తలకు నూరు రూబుళ్ళని మొదలుపెట్టి రెండున్నరకు దిగుతాడు. అతను గొప్పగా పొగిడి అమ్మే సరుకులో స్తెపాన్ ప్రోబ్కా అనే వడ్రంగి ఉన్నాడు. చచ్చిన వడ్రంగి పేరును అమ్ముకునేవాడి ముఖాన్నే గొగోల్ వడ్రంగి పనిముట్లతో చెక్కాడు. ఇక్కడ 'మొరటు ముఖం' అని రాసి ఊరుకునే అనువాదకుడు ఈ కసిని పాఠకుడికి అందనివ్వడు.

గోర్కీ 'అమ్మ'కు క్రొవ్విడి లింగరాజు తెలుగు చేశారని మనకు తెలుసు. ఆ నవలలో తల్లి ముఖానికి గోర్కీ ఉపమానాలు వెతకలేదు. కుడి కనుబొమ మీద లోతైన మచ్చ ఉందన్నాడు; అది కనుబొమను కాస్త పైకి లాగి, ఆమె ఎప్పుడూ భయంతో చెవి ఒగ్గి వింటున్నట్టు చేసిందన్నాడు. మొగుడి దెబ్బలు తిన్న కాపురమంతా ఆ మచ్చలో ఉన్నది.

మన సంగతి చూడండి. ప్రబంధ కవికి ఆడదాని నడుము ఉందో లేదో సందేహం. కామారెడ్డి చుట్టుపక్కల ఊళ్ళలో బీడీలు చుట్టే ఆడవాళ్ళకు ఆ సందేహం లేదు. ఉందని పొద్దుగూకే వేళకు నొప్పే చెపుతుంది. అయినా మన యువ కథకులు ఇప్పటికీ అవే కలువ కళ్ళు, అదే సన్నని నడుము రాస్తున్నారు. పైన ఎర్ర అట్ట, లోపల రాయలవారి కొలువు.

'పాలు' అన్న మాటలో మనకు ఇంకో చిక్కు ఉంది. తెలుగులో పాలవంటి రంగు అనగానే అది వట్టి ఆరోగ్యం చెప్పదు, కులాన్నీ కట్నాన్నీ వెంటబెట్టుకొస్తుంది. రష్యన్ మాటలో ఆ బరువు లేదు. కాబట్టి నేనైతే పాలు వదిలేసి నెత్తురు ఉంచుకుంటాను: 'ముఖాన నెత్తురు ఆడుతున్న పిల్ల' అని.