ప్రతినాయకుడి విన్నపం

1954లో అమెరికాలోని కామిక్ పుస్తకాల ప్రచురణకర్తలు తమ పత్రికలకు ఒక నియమావళిని తామే వ్రాసుకొన్నారు. బొమ్మల కథలు పిల్లలను నేరాలవైపు మళ్ళిస్తున్నాయని ఫ్రెడరిక్ వర్థామ్ అనే మనోవైద్యుడు ఆ ఏడాదే ఒక గ్రంథం వెలువరించాడు. సెనేట్ ఉపసంఘం విచారణ జరిపింది. ప్రభుత్వం కల్పించుకొనక ముందే తాము జాగ్రత్తపడటం మేలని ప్రచురణకర్తలు తలచారు. ఆ నియమావళి ప్రకారం, నేరస్థుడిపై సానుభూతి కలిగే విధంగా నేరాన్ని చిత్రించరాదు. ప్రతి కథలోనూ మంచి గెలవాలి, నేరస్థుడికి శిక్ష పడాలి. పోలీసులను, న్యాయమూర్తులను, ప్రభుత్వాధికారులను అగౌరవం కలిగేలా చూపరాదు.

ఈ చివరి షరతు ప్రభుత్వోద్యోగినైన నాకు ఎంతో హాయిగా తోచిందని ఒప్పుకొంటాను. కాని పాఠకుడిగా ఒక సందేహం మిగిలింది. విరోధికి నోరు లేకుండా చేసిన కథలో నాయకుడు గెలిచినది ఎవరి మీద?

మన ఆలంకారికులు ఈ విషయంలో ఉదారులు. 10వ శతాబ్దికి చెందిన ధనంజయుడు దశరూపకంలో ప్రతినాయకుణ్ణి లోభిగా, ధీరోద్ధతుడిగా, మొండివాడిగా, పాపిగా, వ్యసనపరుడిగా లెక్కించిన మాట నిజమే. కాని అంతకు ముందే దండి కావ్యాదర్శంలో మరొక సూక్ష్మం చెప్పాడు. శత్రువు వంశాన్ని, పరాక్రమాన్ని, విద్యను ముందుగా వర్ణించి, అటువంటివాణ్ణి నాయకుడు జయించినట్లు చూపితే నాయకుడి ఔన్నత్యం మరింత ప్రకాశిస్తుందని ఆయన అభిప్రాయం. శత్రువుకు స్థాయి ఉండాలన్నది దండి కోరిక. ఆధునిక కాలం దీనికి ఇంకొకటి జోడించింది. శత్రువుకు వాదం కూడా ఉండాలి.

తెలుగు ప్రేక్షకులకు ఇది కొత్త కాదు. 1977లో వచ్చిన 'దానవీరశూర కర్ణ'లో ఎన్.టి. రామారావు కృష్ణుడిగా, కర్ణుడిగా, దుర్యోధనుడిగా మూడు పాత్రలూ ధరించారు. జనం కంఠస్థం చేసినది మాత్రం కొండవీటి వెంకటకవి దుర్యోధనుడికి వ్రాసిన సంభాషణలను. కుమారాస్త్ర విద్యా ప్రదర్శన సభలో కర్ణుడి కులం అడిగిన పెద్దలను దుర్యోధనుడు నిలదీస్తాడు. ఆ ప్రశ్నకు సభలో జవాబు లేదు. అడిగినవాడు అధర్మపరుడే, అడుగుటలో అతడికి స్వార్థమూ ఉంది. ప్రశ్న మాత్రం న్యాయమైనది.

కార్యాలయంలో ఒక అర్జీని మూడు భాగాలుగా చదవటం మాకు అలవాటు: పూర్వాపరాలు, ఫిర్యాదు, కోరిన పరిహారం. ఉద్యోగంలో చేరిన తొలినాళ్ళలో ఒక అర్జీదారు ఫైలు నా ముందుకు వచ్చింది. పై కాగితం మీద 'కలహప్రియుడు, కార్యాలయంలో గొడవ చేసినవాడు' అని ఎవరో వ్రాసి పెట్టారు. అది చదివి అర్జీ చదవకుండానే పక్కన పెట్టాను. చాలాకాలం తరువాత అసలు కాగితాలు తిరగవేస్తే, అతడి సర్వే నంబరు తప్పుగా నమోదైన మాట వాస్తవమని తేలింది. గొడవ చేయటం తప్పే. ఫిర్యాదు మాత్రం నిజం. సూపర్‌హీరో కథలలో మనసులో నిలిచే ప్రతినాయకులను గురించి ఆలోచించినప్పుడల్లా ఆ ఫైలే గుర్తుకు వస్తుంది. వారి ఫిర్యాదు నిజం, వారు కోరే పరిహారం ఘోరం. ఈ రెంటినీ విడదీయగలగటమే నాయకుడికి అసలు పరీక్ష.

మాగ్నెటో చరిత్ర దీనికి మంచి ఉదాహరణ. స్టాన్ లీ, జాక్ కిర్బీలు 1963లో 'ఎక్స్-మెన్' తొలి సంచికలో సృష్టించిన ఈ అయస్కాంత శక్తిధరుడు, ఆనాటికి ఒక సైనిక స్థావరాన్ని ఆక్రమించే సామాన్య దురాశాపరుడు. పుట్టుకతోనే అసాధారణ శక్తులు గల మ్యూటెంట్లు మనుషులను పాలించాలన్నది అతడి పంతం. ఎందుకని కథ అడగదు, అతడు చెప్పడు. 1981లో 150వ సంచికలో రచయిత క్రిస్ క్లేర్‌మాంట్ ఆ 'ఎందుకు'కు సమాధానమిచ్చాడు. మాగ్నెటో ఔష్విట్జ్ మృత్యుశిబిరంలో బాల్యం గడిపి బయటపడినవాడు. ఆ సంచికలోనే అతడి దెబ్బకు కిట్టీ ప్రైడ్ అనే యూదు బాలిక నేలకూలుతుంది. ఆమె మరణించిందని భావించి, తాను ద్వేషించినవారి వలెనే తాను మారానని గ్రహించి అతడు యుద్ధం ఆపివేస్తాడు. బలంతో ఎవరూ ఆపలేనివాణ్ణి అతడి జ్ఞాపకమే ఆపింది.

2000లో వచ్చిన చలనచిత్రం 1944 నాటి పోలండులోని శిబిరంలోనే ప్రారంభమవుతుంది. తరువాతి దృశ్యాలలో మ్యూటెంట్లందరి పేర్లు నమోదు చేయాలనే బిల్లుపై చర్చ సాగుతుంది. మనవంటి ఉద్యోగుల దృష్టిలో రిజిస్టరు ఒక నిర్దోషమైన వస్తువు. ఔష్విట్జ్‌లో మనుషుల చేతులపై అంకెలు పొడిచారన్న చరిత్ర తెలిసినవాడికి అది అలా కనిపించదు. మాగ్నెటో భయానికి ఆధారం ఉంది; ఆ భయం ఎన్నుకొన్న మార్గానికి సమర్థన లేదు. అతడి మిత్రుడూ ప్రత్యర్థీ అయిన ప్రొఫెసర్ జేవియర్ అతడి భయాన్ని తోసిపుచ్చడు, మార్గాన్ని అడ్డుకొంటాడు. అందుకే వారి సంఘర్షణ పిడికిళ్ళ పోరుకు మించినదయింది.

2018లో ర్యాన్ కూగ్లర్ దర్శకత్వం వహించిన 'బ్లాక్ పాంథర్'లో ఈ పరీక్ష మరింత కఠినంగా ఉంటుంది. కిల్‌మాంగర్ లండన్‌లోని ఒక ప్రదర్శనశాలలో ఆఫ్రికా వస్తువుల ఎదుట నిలిచి, ఇవి మీ పూర్వులకు ఎలా దక్కాయని అక్కడి అధికారిణిని అడుగుతాడు. వాల్టర్ ఇలియట్ 1845లో తవ్వించిన అమరావతి స్తూప శిల్పాలు 1859లో లండన్ చేరాయి. నేటికీ బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. ఆ సంగతి తెలిసిన తెలుగువాడు ఆ క్షణంలో ప్రతినాయకుడి పక్షానే ఉంటాడు. మరుక్షణమే ఆమె తాగిన కాఫీలో విషం కలిసిందని తెలుస్తుంది. సరైన ప్రశ్న, దుర్మార్గమైన పద్ధతి ఒకే దృశ్యంలో పక్కపక్కనే నిలిచాయి.

అతడి ఫిర్యాదు అంతకన్నా లోతైనది. సంపన్నమైన వకాండా రాజ్యం తన ఎల్లలు మూసుకొని, బయట బాధపడుతున్న తనవారిని పట్టించుకోలేదు. 1992లో ఆ రాజ్యపు రాజే కిల్‌మాంగర్ తండ్రిని చంపి, ఆ పిల్లవాణ్ణి ఓక్లాండ్‌లో అనాథగా వదిలి వెళ్ళాడు. నాయకుడైన టిచాలా అతడిని ఓడిస్తాడు. అయితే అంతకుముందే పరలోకంలో పితరుల ఎదుట నిలిచి, మీరు చేసినది తప్పని చెబుతాడు. చివరకు ఓక్లాండ్‌లోని ఆ భవనంలోనే సేవాకేంద్రం నెలకొల్పటానికి పూనుకొంటాడు. అర్జీదారు మరణించాడు, అర్జీ మాత్రం మంజూరయింది. ప్రతినాయకుడి ఘనతకు ఇంతకన్నా మంచి కొలమానం నాకు తెలియదు. అతడి తరువాత రాజ్యంలో ఏ ఉత్తర్వు మారిందో చూడాలి.

ఈ చిత్రం పట్ల ఒక ఆక్షేపణ కూడా ఉంది. కిల్‌మాంగర్ వాదం ప్రేక్షకుడికి మరీ దగ్గరవుతుందేమోనన్న జంకు దర్శకుడికి కలిగినట్లుంది. అందుకే అతడి చేత తన సహచరినే కాల్పించారు, వకాండా పవిత్ర మూలికల తోటను తగులబెట్టించారు. వాదానికి జవాబు కష్టమైనప్పుడు, వాదించేవాడి చేత మరొక దారుణం చేయించి సానుభూతికి గండి కొట్టటం సులువైన ఉపాయం. 1954 నాటి షరతు మరో రూపంలో బ్రతికే ఉంది.

ఆ సంవత్సరమే వచ్చిన 'ఎవెంజర్స్: ఇన్ఫినిటీ వార్'లో లోపం ఇంకొక విధమైనది. వనరులు చాలవు కనుక విశ్వంలోని ప్రాణులలో సగాన్ని తుడిచివేయాలని థానోస్ పంతం. భారతీయ చరిత్ర చదివినవారికి ఇది పాత వాదమే. 1798లో జనాభా సిద్ధాంతం ప్రకటించిన మాల్థస్ 1805 నుంచి మరణించే వరకు, హేలీబరీలో ఈస్టిండియా కంపెనీ ఉద్యోగులకు శిక్షణనిచ్చే కళాశాలలో ఆచార్యుడు. 1943 నాటి బెంగాల్ క్షామం ప్రధానంగా తిండి కొరత వల్ల కాక, తిండి సంపాదించుకొనే అధికారం ప్రజలు కోల్పోవటం వల్ల సంభవించిందని అమర్త్యసేన్ 1981లో వాదించారు. థానోస్ లెక్కకు జవాబు ఉన్నదన్నమాట. చిత్రంలో పెంపుడు కూతురు గమోరా అతడితో విభేదిస్తుంది, వీరులందరూ ప్రాణాలొడ్డి పోరాడుతారు. లెక్క ఎక్కడ తప్పిందో మాత్రం ఎవరూ విప్పి చెప్పరు. జవాబు చెప్పని వాదం ఓడినట్లు కాదు. అందుకే చిత్రం చూసి వచ్చిన యువకులలో కొందరు 'అతడు చెప్పినదీ నిజమే కదా' అనటం నేను విన్నాను. ఆ తప్పు యువకులది కాదు.

జోకర్ మాటేమిటని పాఠకులు అడగవచ్చు. 1940లో పుట్టిన ఈ పాత్రకు 2008 నాటి 'ది డార్క్ నైట్'లో పూర్వాపరాలే లేవు. ముఖంపై గాట్లకు ఒకసారి చెప్పిన కారణం మరొకసారి చెప్పడు. అతడికి ఫిర్యాదూ లేదు. అయినా ప్రశ్న ఉంది: భయపెడితే మంచివారు మంచివారుగా మిగులుతారా? రెండు పడవలను బాంబులతో నింపి, ఒకదాన్ని పేల్చే మీట మరొకదానిలోని వారికి ఇస్తాడు. ఒక పడవలో ఖైదీలు, రెండవదానిలో సామాన్య పౌరులు. ఎవరూ మీట నొక్కరు. ఒక ఖైదీ దాన్ని నీళ్ళలోకి విసిరివేస్తాడు. సమాధానం ఇచ్చినది బ్యాట్‌మన్ కాదు, ప్రజలు. కనుక దుఃఖమయమైన గతం ప్రతినాయకుడికి తప్పనిసరి కాదు. తప్పించుకోవటానికి వీలులేని ప్రశ్న తప్పనిసరి.

ఆ పాత నియమావళిని 1971లో సడలించారు. 2011 నాటికి దాన్ని పాటించే ప్రధాన ప్రచురణకర్త ఒక్కరూ మిగలలేదు. నియమం పోయినా అలవాటు అంత త్వరగా పోదు. ఎదుటివాడిపై ముందుగా ఒక విశేషణం వ్రాసిపెట్టి, అతడి కాగితం చదవటం మానివేసే అలవాటు కథకులకే పరిమితమైనది కాదు. మంచి సూపర్‌హీరో కథ ఆ కాగితాన్ని చివరి వరకు చదివిస్తుంది, ఆ తరువాతనే 'కోరిన పరిహారం తిరస్కరించడమైనది' అని వ్రాస్తుంది. ఫిర్యాదును మాత్రం విచారణకు స్వీకరిస్తుంది.